మొదటి వరసలో పేరు

కాశీబుగ్గ,
14 జూన్ 2024.

ప్రియమైన సుధా,

ఈ పార్సిల్‌లో కిలో జీడిపప్పు, ఫాయిల్ కాగితంలో చుట్టిన ఆరు చిప్పులు ఉన్నాయి. జీడిపప్పు నీకు. చిప్పులు నీవి కావు, జాగ్రత్తగా చూసుకో. ఇదంతా ఫోన్లోనే చెప్పవచ్చు. కానీ నువ్వు మీటింగ్ అంటావు, నేను గిరాకీ వచ్చిందంటాను, మాట సగంలో తెగిపోతుంది. టెక్కలిలో డిప్లొమా చదివేటప్పుడు సెలవులిస్తే పదిహేను రోజులకు నాలుగు ఉత్తరాలు రాసుకునేవాళ్లం. ఆ అలవాటు నాకింకా పోలేదు.

సన్యాసిరావు మావ గురించి నీకు హాస్టల్లో చెప్పే ఉంటాను. మా అమ్మకు దూరపు తమ్ముడు. నా చిన్నప్పుడు సోంపేట బస్టాండు ఎదుట ఆయనకు వీడియో గేముల షాపు ఉండేది. నిలువెత్తు పెట్టెలు ఆరు. రూపాయి బిళ్ల వేస్తే ఆట మొదలయ్యేది. ఆడపిల్లలు ఆ గుమ్మం ఎక్కేవాళ్లు కారు. నేను ఎక్కాను. మావ నన్ను వెళ్లగొట్టకుండా స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, బటన్ల కింద దుమ్ము తుడవమన్నాడు. నా మొదటి సోల్డరింగు అక్కడే, తొమ్మిదేళ్లప్పుడు. నేను ఈరోజు కాశీబుగ్గలో రిపేరు షాపు నడుపుతున్నానంటే దాని వేరు ఆ షాపులో ఉంది.

షాపు మూతపడ్డాక పెట్టెల్ని మందసలో ఒక జీడితోట షెడ్డులో పెట్టించాడు. తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు లేచిపోయాయి. ఐదు పెట్టెలు పాత ఇనుముకి పోయాయి. మిగిలింది పడవ ఆట ఒక్కటే. తుపానులో పడవ నడుపుతూ నీళ్లలో పడ్డ జాలర్లని రక్షించాలి. మావ దాన్ని తొంభై మూడులో కలకత్తా నుంచి రైల్లో తెచ్చాడు. అసలు కంపెనీ సరుకు కాదు, ఎవరో చాటుగా చేసిన బోర్డు. పేరు లేదు, కాగితాలు లేవు.

పోయిన ఆదివారం ఆటోలో వేసుకొచ్చి నా షాపు ముందు దింపాడు.

"అమ్మీ, ఇది బాగవదని నాకూ తెలుసు. నువ్వొకసారి సూసి, బాగవదని సెప్పీ. నువ్వు సెప్తే పారేత్తాను" అన్నాడు.

"పారేయడానికి నా మాటెందుకు మావా?"

"నాకు సేతులు రావటం నేదే."

నేను చూశాను. తెర మీద ఏమీ లేదు. శబ్దం లేదు. బోర్డు నిండా డెబ్బై పైచిలుకు చిప్పులు, ఏది పోయిందో తెలీదు. బాగవదని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేకపోయాను.

ఈ ఆరు చిప్పుల్లో ఆట ఉంది. వీటిని చదివే మిషను మన వైపు ఎవరి దగ్గరా లేదు. నువ్వు అక్కడ ఎక్కడైనా చదివించి, లోపలున్నది బతికుందో లేదో చెప్పు.

ఇంకొక మాట. ఇక్కడి జీడి ఫ్యాక్టరీల్లో మిషన్ల లోపలి సర్క్యూట్ కార్డులు పాడైతే విశాఖపట్నం నుంచి మనిషిని పిలిపిస్తారు. నా దగ్గరికి మిక్సీలు పంపిస్తారు. నేను మిక్సీలు బాగానే చేస్తాను. కానీ నాకు ఇది కావాలి.

నీ
ఉష

పుణె,
3 జూలై 2024.

ప్రియమైన ఉషా,

నీ చిప్పులు ఆరూ బతికే ఉన్నాయి. ముంబై వెళ్లి చదివే మిషను ఒకటి కొనేశాను. అది చదవడమే కాదు, కొత్త చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కిస్తుంది కూడా. చిప్పులతో పాటు దాన్నీ పంపిస్తున్నాను, ఇక నీ దగ్గరే ఉంచుకో.

ఇప్పుడు అసలు సంగతి. పాత వీడియో గేము బోర్డుల్ని బాగుచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారట. వాళ్లంతా ఇంటర్నెట్లో ఒక గుంపుగా చేరి ఒక పరీక్ష ప్రోగ్రాం తయారుచేసుకున్నారు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ వెల కట్టరు. బోర్డులో ఆట చిప్పు తీసేసి, దాని స్థానంలో ఈ పరీక్ష చిప్పు పెట్టి కరెంటు ఇస్తే, అది బోర్డులోని ఒక్కొక్క భాగాన్నీ తట్టి చూసి ఏది పాడైందో తెర మీద రాస్తుంది. ఒక్కొక్క రకం బోర్డుకి ఒక్కొక్కరు రాశారు. బ్రెజిల్ ఆయన ఒకటి, కొరియా అమ్మాయి ఒకటి. ఎవరు రాసింది వాళ్ల పేరు, ఊరు మొదటి వరసలో ఉంటాయి. గుంపుని నడిపేది ఇటలీలో ఒక రిటైరైన రైల్వే మెకానిక్కు.

పడవ ఆటని వాళ్ల జాబితాలో వెతికాను. లేదు. అడిగాను. ఎవరూ చూడలేదు. ఆ ఇటలీ ఆయన రాశాడు, ఇప్పటిదాకా ఆ ఆట నకలు ఎవరి దగ్గరా లేదని. ఇప్పుడుంది. మీ మావకి చెప్పు.

ఒక చిక్కుంది. ఆ పరీక్ష ఫలితం తెర మీద చూపిస్తుంది. మన బోర్డుకి తెరే రావడం లేదు. పైగా దీనికి తగ్గ పరీక్ష ఎవరూ రాయలేదు. నువ్వే రాయాలి. దీని ప్రాసెసరు మనం ల్యాబులో చేసినదానికి దగ్గర చుట్టమే. ల్యాబులో నా ప్రోగ్రాములు కూడా నువ్వే రాసిపెట్టేదానివి, మర్చిపోలేదు.

నా ఆఫీసు సంగతులు మామూలే. ఈ మధ్య కాస్త తీరిక దొరుకుతోంది. జీడిపప్పు వారంలో అయిపోయింది.

నీ
సుధ

కాశీబుగ్గ,
22 ఆగస్టు 2024.

ప్రియమైన సుధా,

దొరికింది. మొత్తం రాస్తాను, ఓపికగా చదువు.

డిప్లొమా నోట్సు అటక మీద నుంచి దించాను. సగం చెదలు తినేసింది, కావలసిన సగం మిగిలింది. గుంపువాళ్లు రాసిన ప్రోగ్రాములు తీసుకుని ఒక్కొక్క వరసా చదివాను. ఒక్క సంగతి అర్థం కావడానికి వారం పట్టింది. ఏ ప్రోగ్రామైనా తాను చేసే లెక్కని మధ్యమధ్య ర్యామ్‌లో రాసిపెట్టుకుంటుంది. కానీ మనం పరీక్షించేది ఆ ర్యామ్‌నే. దాన్ని నమ్మకూడదు. పలకా బలపం లేకుండా నోటిలెక్క చేసినట్టు, ప్రాసెసరు తన కడుపులోనే అంతా గుర్తుపెట్టుకుని పని కానివ్వాలి. అలా రాశాను. నాలుగుసార్లు తప్పింది, ఐదోసారి నడిచింది.

నడిచింది గానీ, నాతో ఎలా చెబుతుంది? తెర లేదు, శబ్దం లేదు. రెండు రోజులు దాని ముందు కూర్చున్నాను. మూడో రోజు మావ వచ్చి పెట్టె వెనక తలుపు తీసి, కాయిన్ మీటరు మీద అంకె చూస్తున్నాడు. ఎన్ని బిళ్లలు పడ్డాయో లెక్క చూపించే చిన్న డబ్బా అది. బిళ్ల పడిన ప్రతిసారీ టక్‌మని ఒక అంకె తిరుగుతుంది. లోపల తీగచుట్ట, దాన్ని నడిపించడానికి బోర్డు మీద ఒక ట్రాన్సిస్టరు. అంతే. తెరతో పని లేదు, శబ్దం చిప్పుతో పని లేదు.

"మావా, అది తెరవకు. అలాగే ఉంచు" అన్నాను.

ఆ సాయంత్రానికి ప్రోగ్రాం మార్చాను. పాడైన చిప్పు ఏ వరసలో ఉందో అన్ని టక్కులు, కాస్త ఆగి, ఆ వరసలో ఎన్నోదో అన్ని టక్కులు. బోర్డు మీద ఆ ట్రాన్సిస్టరు ఎప్పుడో కాలిపోయి ఉంది, నా దగ్గరున్న పెద్దది ఒకటి వేశాను. మర్నాడు పదిగంటలకి స్విచ్ వేశాను. మా ఆయన తల్లి, మా అత్త వరహాలమ్మ కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. మావ స్టూలు మీద.

టక్, టక్, టక్. ఆగింది. మళ్లీ ఐదు.

మా అత్త వంగి నేల మీద వేలితో కొట్టి "సత్తెం, సత్తెం" అంది. బల్లి పలికిందనుకుంది.

"బల్లి కాదప్పా, బోర్డు" అన్నాడు మావ. తర్వాత నన్ను చూశాడు. "ఏటంతంది?"

"మూడో వరసలో ఐదోది పోయిందంటోంది."

"అదే సెప్పిందా? నోటితో?"

"అదే చెప్పింది మావా."

ఆయన కాఫీ తాగలేదు. చేతిలో చల్లారిపోయింది.

మూడో వరస ఐదో చిప్పు తీసి పరీక్షించాను. నిజంగానే పోయింది. కొత్తది వేసి స్విచ్ వేస్తే రెండు, ఒకటి అంది. అంటే రెండో వరసలో మొదటిది కూడా. అది ఢిల్లీ నుంచి రావాలి.

సుధా, తెరా శబ్దమూ రెండూ చచ్చిన బోర్డులు ఇంకా ఎందరి దగ్గరో మూలపడి ఉంటాయి కదా. కాయిన్ మీటరు మాత్రం అన్నిటికీ ఉంటుంది. గుంపువాళ్లకి ఇది పనికొస్తుందనుకుంటున్నాను. ప్రోగ్రాం ఒక పెన్‌డ్రైవులోనూ, నా నోట్సు జిరాక్సులు పదిహేను పేజీలూ ఇందులో పెట్టాను. నాకు వాళ్ల ఇంగ్లీషులో రాయాలంటే బెరుకు. నువ్వు పంపు.

మా ఆయన జగదీష్ కొబ్బరి లోడు దించి వచ్చి, జరిగిందంతా విని, "అయితే పేపర్లో ఏత్తారేటి" అన్నాడు. వేయకపోయినా ఫరవాలేదు. ఆ జాబితాలో వేస్తే చాలు.

నీ
ఉష

పుణె,
19 సెప్టెంబర్ 2024.

ప్రియమైన ఉషా,

పంపాను. వాళ్లకి చాలా నచ్చింది. ఇటలీ ఆయన రెండు పేజీలు రాశాడు, ముప్పై ఏళ్లలో ఎవరికీ తట్టలేదని. మిగతా బోర్డులకు కూడా ఈ పద్ధతి కలుపుతామంటున్నారు. నువ్వు సంతోషించాల్సిన విషయం.

నేను ఉద్యోగం మారాను. కొత్త కంపెనీ, మిషన్ల లోపల పెట్టే ప్రోగ్రాముల పని. మొదటి రోజులు కదా, ఊపిరాడటం లేదు. అందుకే చిన్న ఉత్తరం. ఢిల్లీ చిప్పు వచ్చిందా?

సుధ

కాశీబుగ్గ,
11 నవంబర్ 2024.

నాగసుధకు,

ఢిల్లీ చిప్పు వచ్చింది. వేశాను. బొమ్మ వచ్చింది.

చదివే మిషను నీ డబ్బుతో కొన్నావు. అది నాకు ఉంచుకోవడం ఇష్టం లేదు, కానీ పనికి కావాలి. దాని వెల మనియార్డరు చేశాను, అందే ఉంటుంది.

కొత్త ఉద్యోగం బాగుందని తలుస్తాను.

ఉషారాణి

పుణె,
6 జనవరి 2025.

ప్రియమైన ఉషా,

నీ నవంబరు ఉత్తరం చూసి ఏదో పని ఒత్తిడిలో రాశావనుకున్నాను. డబ్బు ఎందుకు పంపావో అర్థం కాలేదు. బొమ్మ వస్తే ఒక్క ముక్కలో రాస్తావా? మావ ఏమన్నాడో రాయలేదు.

ఒక చిన్న అనుమానం అడగాలి. గుంపులో ముగ్గురు, వేరువేరు దేశాలవాళ్లు, ఈ మీటరు పరీక్ష పెట్టాక తమ బోర్డుల మీద ట్రాన్సిస్టరు కాలిపోయిందని రాశారు. ఒకాయన బోర్డు మీది రాగి గీతలు కూడా మాడిపోయాయి. ఫొటో పెట్టాడు. నేను చూస్తున్నాను గానీ, నాకు ఇంకా అంతు దొరకలేదు. ఖాళీ ఉన్నప్పుడు నీకేమైనా తోస్తే చెప్పు. తొందరేమీ లేదు.

నీ
సుధ

కాశీబుగ్గ,
13 జనవరి 2025.

నాగసుధకు,

తొందర ఉంది. ఆ ఖాతా నీ చేతిలో ఉంది, నీతో ఫోన్లో మాట్లాడే మనసు నాకు లేదు, అందుకే స్పీడ్ పోస్టు. ఈ ఉత్తరం అందగానే, ఇందులో ఉన్న పెన్‌డ్రైవులోని ప్రోగ్రాం గుంపుకి పంపు. పాతది ఎవరూ వాడవద్దని పైన రాయి. ఉత్తరం మిగతా భాగం తర్వాత చదువుకోవచ్చు.

పంపావా? ఇప్పుడు చదువు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆఖరి టక్కు తర్వాత మీటరుకి కరెంటు ఆపమని చెప్పడం మర్చిపోయాను. తీగచుట్టలో కరెంటు పారుతూనే ఉంటుంది, దాన్ని మోసే ట్రాన్సిస్టరు వేడెక్కి చస్తుంది. నాకు ఎందుకు తెలియలేదంటే, నేను టక్కులు లెక్కపెట్టగానే స్విచ్ కట్టేసేదాన్ని. పైగా నా బోర్డు మీద అసలు దానికి మూడింతలు మోసే ట్రాన్సిస్టరు వేసి ఉంది. నా రిపేరే నా తప్పుని కప్పేసింది. నీ ఉత్తరం వచ్చిన రోజే సోంపేట వెళ్లి, మావ బోర్డు మీద అసలు సైజు ట్రాన్సిస్టరు వేసి, స్విచ్ కట్టకుండా వదిలేశాను. ఆరు నిమిషాలకి పొగ వచ్చింది. దిద్దిన ప్రోగ్రాంతో ఒక పూటంతా వదిలేశాను. చల్లగా ఉంది. అప్పుడే పంపుతున్నాను.

ఇక రెండో సంగతి.

అక్టోబరులో కొత్త వెర్షను తీసుకుందామని గుంపు పేజీ తెరిచాను. నా ప్రోగ్రాం కనిపించింది. మొదటి వరస చదివాను. నాగసుధ, పుణె అని ఉంది. నా ఇంగ్లీషు ఎంత తక్కువైనా ఆ రెండు మాటలు చదవగలను. కింద వరసల్లో నేను పెట్టిన గుర్తులే ఉన్నాయి. సన్యాసిరావు పేరులో మొదటి అక్షరాలు పెట్టి లెక్కలకు పేర్లు పెట్టాను కదా, అవి కూడా మార్చలేదు నువ్వు.

ఆరోజు షాపు కట్టేసి ఇంటికొచ్చేశాను. మా అత్త అడిగితే తలనొప్పి అన్నాను. నిన్ను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతావు, అది నమ్మాల్సి వస్తుంది అనిపించింది. మూడు నెలలు నువ్వే చెబుతావని చూశాను. చెప్పలేదు. చివరికి తప్పు వెతకమని రాశావు, అదీ నీ తప్పు వెతుకుతున్నట్టు.

నేను జవాబు ఇవ్వకుండా ఉండిపోవచ్చు. ఇవ్వకపోతే నువ్వు ఏమవుతావో కూడా తెలుసు. ఒక గంట ఆలోచించాను కూడా. కానీ ఆ మాడిపోయిన బోర్డు ఫొటో చూశాను. దాన్ని ఎవరో ఎన్నో ఏళ్లు దాచుకుని ఉంటారు. వాళ్ల ఊళ్లోనూ ఒక సన్యాసిరావు ఉండి ఉంటాడు. దాన్ని మాడ్చింది నువ్వు కాదు, నేను.

అందుకని ఇలా చెయ్యి. మెప్పు సంగతి నీ ఇష్టం. తప్పుకి మాత్రం నా పేరు పెట్టు. "ఈ తప్పు చేసింది కాశీబుగ్గ ఉషారాణి, దిద్దింది కూడా ఆమే" అని రాయి. నేను చేసిన తప్పుకి ఇంకొకరిని మాట పడనివ్వను. ఆ ముగ్గురికీ కొత్త ట్రాన్సిస్టర్లు నేను పంపిస్తాను, చిరునామాలు అడుగు.

జవాబు రాయాలనిపిస్తే నిజం రాయి. లేకపోతే వద్దు.

ఉషారాణి

పుణె,
9 ఫిబ్రవరి 2025.

ఉషా,

నీ పెన్‌డ్రైవు అందిన గంటలో పంపాను. ఆ ముగ్గురి చిరునామాలు వెనక రాశాను.

నిజం రాయమన్నావు. నీ మొదటి పార్సిల్ వచ్చేసరికి నాకు ఉద్యోగం లేదు. మే నెలలో మా జట్టు మొత్తాన్ని తీసేశారు. నీకు చెప్పలేదు. ముంబై వెళ్లి ఆ మిషను కొన్నది ఒక బుధవారం పొద్దున. ఉద్యోగం ఉన్నవాళ్లు బుధవారం ముంబై వెళ్లరు. నువ్వు గమనించలేదని సంతోషించాను కూడా.

నీ ప్రోగ్రాం పంపేటప్పుడు గుంపు పేజీ పేరు అడిగింది. నా ఖాతా కాబట్టి నా పేరు దానంతటదే పడింది. మారుద్దామనుకున్నాను. రేపు మారుద్దామనుకున్నాను. మర్నాటికి పదకొండు మంది మెచ్చుకుంటూ రాశారు. నాలుగు నెలలుగా నన్నెవరూ దేనికీ మెచ్చుకోలేదు ఉషా. ఆ వారమే ఇంటర్వ్యూ వచ్చింది. సొంతంగా చేసిందేమైనా ఉంటే చూపించమన్నారు. చూపించాను. ర్యామ్ నమ్మకుండా ఎలా రాశారని అడిగితే, నీ ఉత్తరంలో రాసిందే, పలకా బలపం లేని నోటిలెక్క అని చెప్పాను. ఆ మాట వాళ్లకి నచ్చింది. ఉద్యోగం ఇచ్చారు.

అంతే జరిగింది. దీనికి ఇంకో వైపు లేదు.

తప్పు నీ పేర రాసి, మిగతాది నా పేర ఉంచితే చాలని నువ్వు రాసిన మాట తగిలినంతగా, తిట్టినా తగిలేది కాదు నాకు. నేను రెండు పనులు చేశాను. గుంపులో అందరికీ కనపడేలా రాశాను, ఈ ప్రోగ్రాం మొదటి అక్షరం నుంచి ఉషారాణిది, నేను రాసింది ఒక్క వరస, ఆ వరస అబద్ధం అని. ఇటలీ ఆయన నాకు జవాబు ఇవ్వలేదు. మొదటి వరస మాత్రం ఆ పూటే మార్చాడు.

తర్వాత మా మేనేజరు నీలిమ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె తలుపు వేసి, "ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అంది. పట్టుబడ్డానని చెప్పాను. నాకై నేను వచ్చానని చెప్పుకునే హక్కు లేదు నాకు. తీసేయలేదు. పర్మనెంటు చేయాల్సింది ఆపి, ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు. జట్టులో అందరికీ తెలిసింది. మధ్యాహ్నం భోజనానికి ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఉండగలను.

నువ్వు పంపిన డబ్బు తిరిగి పంపాలనుకుని ఆగాను. అది నువ్వు కోపంతో పంపింది. ఉంచుకోవడమే నాకు తగిన శిక్ష.

క్షమించమని అడగను. ల్యాబులో నా ప్రోగ్రాములు నువ్వు రాసిస్తే నా పేరు వేసుకుని మార్కులు తెచ్చుకునేదాన్ని. అప్పుడు ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నాకు అది అప్పుడే అలవాటైందేమో.

నాగసుధ

కాశీబుగ్గ,
20 ఏప్రిల్ 2025.

సుధా,

నీ ఉత్తరం రెండు నెలలు షాపు డ్రాయర్లో ఉంచాను. మొదట్లో రోజూ చదివేదాన్ని, తర్వాత వారానికోసారి. ఈ మధ్య చదవాలనిపించలేదు. అంటే రాయొచ్చన్నమాట అనుకున్నాను.

ల్యాబు సంగతి రాశావు. అందులో నా వంతు కూడా ఉంది. నీకు రాసిపెట్టడం నాకు గొప్పగా ఉండేది. నీకు నేర్పితే నువ్వే రాసుకునేదానివి. నేర్పలేదు.

ఉద్యోగం పోయిందని నాకు చెప్పి ఉండాల్సింది. నేను ఏమీ చేయలేకపోయినా, జీడిపప్పు రెండు కిలోలు పంపేదాన్ని.

బొమ్మ వచ్చిన రోజు సంగతి నీకు ఒక్క ముక్కలో రాశాను. అది నీకు బాకీ కాదు, నాకే రాసుకోవాలని ఉంది, అందుకని రాస్తున్నాను. నవంబరు మూడో తారీకు, ఆదివారం. పెట్టెని సోంపేట తీసుకెళ్లి మావ ఇంటి వరండాలో పెట్టాను. మావ తుండుతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. స్విచ్ వేశాను. ముందు గీతలు, తర్వాత సముద్రం, తర్వాత పడవ. రంగులు కూడా అవే. మావ వెనక్కి రెండడుగులు వేసి నిలబడ్డాడు. సంత నుంచి ఇళ్లకి పోతున్న ఆడవాళ్లు గట్టు దగ్గర ఆగారు. చిన్నమ్మి అని, చేపలు అమ్ముతుంది, యాభై ఏళ్లుంటాయి. గంప దించి లోపలికొచ్చింది.

"ఇది ఆ బస్టాండుకాడిదేనా? మా అన్న ఆడతుంటే బయట నిలబడి సూసీదాన్ని. లోనికి రానిచ్చీవోడు కాదు" అంది.

"ఇప్పుడాడు" అన్నాను.

"నాకేటి తెలుసు ఆడ్డం?"

"పడవ నడపడం నీకు తెలీదేటి?" అన్నాడు మావ.

ఆమె ఆడింది. చెయ్యి తడిబట్టకి తుడుచుకుని మరీ పట్టుకుంది. మూడు నిమిషాల్లో మునిగిపోయింది. మళ్లీ ఆడింది. నలుగురు జాలర్లని ఒడ్డుకి చేర్చింది. అప్పుడు మావ నా దగ్గరికొచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, "పారెయ్యమని సెప్పనేదు నువ్వు" అన్నాడు.

ఆ రోజు నీకు రాయలేకపోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. తెలుసా?

ఇక్కడి సంగతులు. ఇటలీ ఆయన నాకే నేరుగా రాశాడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని జవాబు రాశాను, సగం వాక్యాలు తప్పే అయి ఉంటాయి, అయినా అర్థమైందట. బోర్డు మాడినాయన ట్రాన్సిస్టరు అందిందని, బోర్డు లేచిందని ఫొటో పెట్టాడు. ఇప్పటికి ఇరవై మూడు రకాల బోర్డులకు మీటరు పద్ధతి కలిపారు. ప్రతి దాంట్లోనూ మొదటి వరసలో రాసినవాళ్ల పేరు, రెండో వరసలో "పద్ధతి: ఉషారాణి, కాశీబుగ్గ" అని ఉంది. జగదీష్ ఆ పేజీ ఫోన్లో చూపిస్తూ తిరుగుతున్నాడు. లోడు దించే ప్రతి ఊళ్లోనూ.

పోయిన నెల పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీవాళ్లు పప్పు రంగు చూసి వేరుచేసే మిషను కార్డు పట్టుకొచ్చారు. విశాఖ మనిషి కొత్తది కొనాల్సిందే అన్నాడట. "మీరేదో విదేశాలకి రాస్తారంట కదమ్మా" అన్నాడు వాళ్ల సూపర్‌వైజరు. రెండు రోజుల్లో చేసిచ్చాను. ఆయన కార్డు తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, నా షాపు బోర్డు చదివాడు. ఇన్నేళ్లూ ఆ దారినే పోయేవాడు.

ఇప్పుడు నీకు ఒక పని చెబుతాను. ఈ పార్సిల్‌లో ఒక నోటుపుస్తకం ఉంది. చచ్చిన బోర్డు ముందు కూర్చున్నవాళ్లు ఏం చేయాలో మొదటి నుంచి చివరిదాకా తెలుగులో రాశాను, అరవై నాలుగు పేజీలు. మందస, నందిగాం, ఇచ్ఛాపురం వైపు టీవీలు రిపేరు చేసేవాళ్లు పదిమంది ఉన్నారు, వాళ్లకి అర్థమయ్యేలా. మాధవీలత అని పాలిటెక్నిక్‌లో చదివే అమ్మాయి చదివి, ఎక్కడా ఆగలేదంది. గుంపువాళ్లు దీన్ని ఇంగ్లీషులో అడుగుతున్నారు. నువ్వు మార్చు. నువ్వు తప్ప ఇంకెవరు మార్చినా నేను చెప్పింది పోతుంది, అది నిజం. నిజం కాబట్టే నీకు పంపుతున్నాను, జాలితో కాదు.

మారుస్తూ ఉంటే ప్రోగ్రాం కూడా అర్థమవుతుంది. అర్థం కాని చోట అడుగు. ఈసారి రాసిపెట్టను, నేర్పుతాను.

అట్ట మీద రెండు వరసలుంటాయి. మొదటిది నాది. రెండో వరసలో అనువాదం అని రాసి, నీ పేరు, ఊరు వేసుకో. పుణె కాదు, మనం కలిసి చదువుకున్న టెక్కలి అని రాయి.

ఒప్పుకుంటే ఉత్తరం అక్కరలేదు. మొదటి పేజీ మార్చి పంపు. తప్పులుంటే దిద్దుతాను. నా ఇంగ్లీషు ఇప్పుడు అంత తీసిపోలేదు.

నీ
ఉష